పని నేర్చిన పిల్లవాడికి దారి చెప్పేదెవరు?

(కర్నూలు, కడప జిల్లాల సాంకేతిక విద్య చరిత్రలో ఒక లోటు)

ఏ సమాజమైనా ముందుకు పోవాలంటే ఆ సమాజంలోని యువకులకు చదువు ఉండాలి, చదువుతోపాటు చేతిలో ఒక పని ఉండాలి అని మన పెద్దలు చెబుతూనే ఉన్నారు. విద్య ఆవశ్యకతను గురించి ఇలాంటి సంచికల్లో నాకంటే బాగా రాయగలిగిన వారు చాలాసార్లు రాసినారు. కనుక ఆ సంగతి మళ్లీ చెప్పబోవడం లేదు. చదువు అయిపోయి, పని నేర్చుకొని, సర్టిఫికెట్టు చేతబట్టుకొని ఐ.టి.ఐ. గేటు బయటికి వచ్చిన పిల్లవాడు మరుసటి రోజు పొద్దున లేచి ఎక్కడికి పోవాలి? ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నకు గత 80 ఏళ్లలో ప్రభుత్వాలు, కమిటీలు, చట్టాలు ఏమేమి జవాబులు చెప్పినాయి, ఆ జవాబులు మన రెండు జిల్లాల పిల్లల దాకా ఎంతవరకు వచ్చినాయి అన్నది విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను పెద్ద చరిత్రకారుణ్ణి కాను. ఉర్దూ మీడియం పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పుకునే ఒక సామాన్య ఉపాధ్యాయుణ్ణి. అయితే ఈ విషయంలో మా ఇంట్లో జరిగినది ఒకటి, నా చేతులారా నేను చేసినది ఒకటి ఉన్నాయి. వాటిని దాచకుండా చెప్పదలిచాను.

ఉస్తాదుల కాలం

మన కర్నూలు పాతబస్తీలో గాని, కడపలో గాని, ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని వంటి పట్టణాల్లో గాని సైకిలు షాపు, కుట్టుమిషను, లారీ బాడీ బిల్డింగు, వెల్డింగు, మోటారు మెకానిజం, దూదేకడం, పరుపులు కుట్టడం వంటి పనులు తరతరాలుగా మనవాళ్లలో ఎక్కువ. ఈ పనులు నేర్పడానికి బడి లేదు. ఉస్తాదు ఉండేవాడు. పదేళ్ల పిల్లవాణ్ణి తీసుకొనిపోయి ఉస్తాదు దగ్గర వదిలేవారు. వాడు మొదట టీలు తెచ్చేవాడు, తర్వాత పానాలు అందించేవాడు, ఆ తర్వాతనే ఇంజను మీద చెయ్యి వేసేవాడు. తిట్లూ దెబ్బలూ ఉండేవి. చదువు పోయేది. ఆ పద్ధతి గొప్పదని నేను అనడం లేదు.

కాని అందులో ఒక మంచి ఉండేది. శాగిర్దుకు పని వచ్చిందని తోచిన రోజు ఉస్తాదే వాణ్ణి వెంటబెట్టుకొని ఇంకొక షాపుకు పోయి, "వీడు నా దగ్గర ఏడేళ్లు పనిచేసినాడు, గేరు బాక్సు విప్పి బిగిస్తాడు, నేను పూచీ" అని చెప్పేవాడు. ఆ మాటే సర్టిఫికెట్టు, ఆ మాటే సిఫారసు ఉత్తరం. అంటే పని నేర్పడం, పనిలో పెట్టడం అనే రెండు బాధ్యతలూ ఒకే మనిషి మీద ఉండేవి.

సాంకేతిక పాఠశాలలు వచ్చినాక ఈ రెండు బాధ్యతలూ విడిపోయినాయి. నేర్పే బాధ్యత బడి తీసుకున్నది. దారి చెప్పే బాధ్యత మాత్రం ఎవరి మీదా పడలేదు. నేను చెప్పదలిచిన చరిత్ర అంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

సైనికుల కోసం పుట్టిన కచేరీ

మన రెండు జిల్లాలూ 1953 దాకా మద్రాసు కింద ఉండేవి. అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు 1850లో మద్రాసులో కళల పాఠశాల పెట్టినప్పటినుంచి చేతిపనుల చదువు కావలసినవాడు చాలాకాలం మద్రాసు రైలెక్కవలసిందే. రాయలసీమలో ఇంజనీరింగు కాలేజీ అంటూ వచ్చింది 1940లలో, అదీ అనంతపురంలో.

ఉద్యోగం చూపించే ప్రభుత్వ కచేరీ మాత్రం యుద్ధం వల్ల పుట్టింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి భారత సైన్యంలో సుమారు 25 లక్షల మంది ఉన్నారు. వీరందరినీ ఇంటికి పంపితే బ్రతుకుతెరువు ఏమిటన్న ఆందోళనతో 1945 జులైలో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ అనే శాఖను పెట్టి, దాని కింద ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు తెరిచినారు. దేశ విభజన తర్వాత కాందిశీకుల కోసం, ఆ తర్వాత అందరి కోసం వాటి తలుపులు తెరిచినారు. 1950లో అదే శాఖ కింద చేతిపనివారికి శిక్షణ ఇచ్చే పథకం ప్రారంభమైంది. మనం ఐ.టి.ఐ.లు అనుకునేవి ఆ పథకం బిడ్డలే.

ఇక్కడ ఒక్కటి గమనించాలి. పని నేర్పే సంస్థ, పని చూపించే సంస్థ ఒకే తల్లి కడుపున పుట్టినాయి. ఒకటి పనివాణ్ణి తయారుచేయాలి, రెండవది అతణ్ణి పనిలో పెట్టాలి. ఆలోచన చక్కనిదే.

శివరావు కమిటీ సిఫారసుల ప్రకారం ఈ రెండింటి రోజువారీ పాలనను 1956 నవంబరు 1 నుంచి రాష్ట్రాలకు అప్పగించినారు. ఆ తేదీ మన కర్నూలు వారికి మరిచిపోరానిది. సరిగ్గా ఆనాడే ఆంధ్రప్రదేశ్ అవతరించి, మూడేళ్లు రాజధానిగా వెలిగిన కర్నూలునుంచి కచేరీలన్నీ హైదరాబాదు తరలిపోయినాయి. మనకు మిగిలినవి ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అనే పేర్లు. అంటే పిల్లలకు పని చూపించే బాధ్యత రాష్ట్రం చేతికి వచ్చిన రోజే ఆ రాష్ట్ర రాజధాని మన ఊరినుంచి పోయింది. దీన్ని కేవలం కాకతాళీయం అనుకున్నా, సెక్రటేరియట్ ఎదుటనే ఉన్న ఊరికీ, రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి పోవలసిన ఊరికీ తేడా ఉంటుంది గదా!

కర్నూలులో పుట్టినాయన చెప్పిన మాట

1952–53లో దేశంలోని సెకండరీ విద్యను పరిశీలించిన కమిషనుకు అధ్యక్షులు డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్. ఆయన మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా పేరుపొందినవారు. ఆయనా, ఆయన కవల సోదరుడు సర్ రామస్వామి మొదలియారూ 1887లో పుట్టింది మన కర్నూలులోనే అన్నది మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

ఆ కమిషను నివేదికలో విద్యార్థులకు మార్గదర్శనం గురించి ఒక సిఫారసు ఉన్నది. శిక్షణ పొందిన గైడెన్స్ ఆఫీసర్ల సేవలు, కెరీర్ మాస్టర్ల సేవలు క్రమక్రమంగా అన్ని విద్యాసంస్థలకూ అందాలి అన్నది దాని సారాంశం. కెరీర్ మాస్టరు అంటే, ఏ పిల్లవాడికి ఏ పని తగినది, ఆ పని ఎక్కడ దొరుకుతుంది, దానికి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి అన్న సంగతులు తెలుసుకొని చెప్పే ఉపాధ్యాయుడు. 1956 నాటికి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల్లో కూడా వృత్తి మార్గదర్శన విభాగాలు మొదలయినాయి. 1964–66 నాటి కొఠారీ కమిషను ఒక అడుగు ముందుకు వేసి, మార్గదర్శనం ప్రాథమిక పాఠశాలనుంచే చదువులో భాగంగా ఉండాలన్నది.

నేను ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్లు దాటింది. నేను పనిచేసిన ఏ పాఠశాలలోనూ కెరీర్ మాస్టరు అనే మనిషిని చూడలేదు. నన్నుగాని, నా తోటి ఉపాధ్యాయుల్ని గాని ఆ పనికి శిక్షణకు పిలిచినవారూ లేరు. కర్నూలులో పుట్టినాయన చెప్పిన మాట కర్నూలు బడిదాకా రాలేదు.

రెండు చట్టాలు

ఆ తర్వాత రెండు ముఖ్యమైన చట్టాలు వచ్చినాయి. వీటి సంగతి ప్రతి తల్లిదండ్రీ తెలుసుకోవాలి.

మొదటిది 1959లో చేసి, 1960 మే 1 నుంచి అమలుపరచిన చట్టం. ప్రభుత్వ సంస్థలు, 25 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ దగ్గర ఖాళీలు ఏర్పడితే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి తప్పక తెలియజేయాలని అది నిర్దేశించింది. కాని ఆ చట్టంలోనే ఒక మెలిక ఉన్నది. ఖాళీ ఉన్నదని తెలియజేయడం తప్పనిసరి గాని, ఎక్స్ఛేంజి పంపిన మనిషిని తీసుకోవడం తప్పనిసరి కాదు. మన వాళ్లు మొదటి సగం విన్నారు, రెండవ సగం వినలేదు. కార్డు చేయించుకుంటే ఉద్యోగం వరుసలో నడిచి ఇంటికి వస్తుందనుకున్నారు.

రెండవది 1961 నాటి అప్రెంటిస్ చట్టం. 1962 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. కర్మాగారాలు నిర్ణీత సంఖ్యలో కుర్రవాళ్లను అప్రెంటిస్‌లుగా చేర్చుకొని, స్టైపెండు ఇచ్చి, పని నేర్పాలి. ఐ.టి.ఐ. చదివినవారికి ఆ చదివిన కాలం కలిసివస్తుంది. చివర జాతీయ అప్రెంటిస్ సర్టిఫికెట్టు ఇస్తారు. తర్వాత 1973 సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులకూ, డిప్లొమా వారికీ ఈ చట్టం వర్తించింది. వారి వ్యవహారాలు చూసే దక్షిణ ప్రాంత అప్రెంటిస్ శిక్షణ బోర్డు మద్రాసులో ఉన్నది.

నిజం చెప్పాలంటే, పాత ఉస్తాదు పద్ధతికి అతి దగ్గరగా ఉన్న చట్టం ఇదే. కార్డు మనల్ని కూర్చోబెట్టింది, అప్రెంటిస్ చట్టం మనల్ని లేచి రమ్మన్నది. కాని మనం కార్డునే నమ్ముకున్నాం. ఎందుకంటే కార్డు సంగతి అందరికీ తెలుసు, అప్రెంటిస్ సంగతి చెప్పేవాడు లేడు.

మా అబ్బా కార్డు

మా అబ్బా 1974లో ఎలక్ట్రీషియన్ ట్రేడులో రెండేళ్ల ఐ.టి.ఐ. పాసైనారు. ఆ కాలంలో మా వీధిలో అదొక గొప్ప. సర్టిఫికెట్టును అద్దం కట్టించి గోడకు పెట్టినారు. ఎక్స్ఛేంజికి పోయి పేరు నమోదు చేయించుకున్నారు. ఒక రేకుపెట్టెలో మా అమ్మీ మెహర్ కాగితంతోపాటు ఆ కార్డు కూడా ఉండేది. మూడేళ్లకొకసారి రెన్యూవల్. ఆ తేదీని మా అమ్మీ పండుగలాగా గుర్తుపెట్టుకునేది.

పిలుపు రెండుసార్లు వచ్చింది. ఒకసారి ఇంటర్వ్యూకు పోయి వచ్చినారు, ఉద్యోగం రాలేదు. రెండవసారి ఉత్తరం వచ్చేసరికి ఇంటర్వ్యూ తేదీ దాటిపోయింది. తర్వాత వయోపరిమితి దాటింది. అయినా కార్డు పారవేయలేదు.

మన సీమలో వానలు తక్కువ, బోర్లు ఎక్కువ. కరెంటు హెచ్చుతగ్గులకు మోటార్లు కాలిపోతూ ఉంటాయి. మా అబ్బా చివరకు మోటార్ల వైండింగు షాపు పెట్టుకొని మమ్మల్ని చదివించినారు. ఆ షాపు ఆయన 1976లో పెట్టుకొని ఉంటే మా బ్రతుకు వేరుగా ఉండేది. పెట్టింది 1989లో. మధ్యన పోయిన 13 ఏళ్లు ఎవరి లెక్కలోనూ లేవు. "ఉద్యోగం రాకపోయినా ఫరవాలేదు బేటా, రాదని ఎవరన్నా ముందే చెప్పి ఉంటే బాగుండేది" అని ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నది.

పనులు మారినాయి, చెప్పేవాడు మారలేదు, లేడు గనుక

ఈ మధ్యకాలంలో మన జిల్లాల్లో పరిశ్రమలు అసలు రాలేదనడం సరికాదు. బేతంచెర్ల దగ్గర పాణ్యం సిమెంటు ఫ్యాక్టరీ 1950ల నాటిది. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో పునాదిరాయి పడి, 1982లో విద్యుత్తు పుట్టింది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసినాయి. మంగంపేటలో ముగ్గురాయి గనులు సాగుతున్నాయి. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ 1994లో పనిచేయడం మొదలుపెట్టింది. తుమ్మలపల్లెలో యురేనియం కర్మాగారం 2012లో ప్రారంభమైంది. ఓర్వకల్లు ప్రాంతంలో గని, శకునాల గ్రామాల భూముల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది.

కొన్ని పనులు వచ్చినట్టే కొన్ని పోయినాయి కూడా. కడప జిల్లా నందలూరు రైల్వే లోకోషెడ్డు ఒకనాడు ఆవిరి ఇంజన్లతో, వందలాది పనివారితో కళకళలాడేది. ఆవిరి ఇంజన్లు పోయినాయి, షెడ్డు మూతపడింది, ఊరు చిన్నబోయింది. ఆవిరి ఇంజను పోతుందని రైల్వేవారికి ఏళ్లముందే తెలుసు. తండ్రి పనే కొడుకుకు వస్తుందని నమ్ముకున్న కుర్రవాడికి మాత్రం ఆ సంగతి షెడ్డు తాళం చెప్పింది.

సిమెంటు ఫ్యాక్టరీకి ఎలాంటి ఫిట్టరు కావాలి, థర్మల్ స్టేషనులో ఎలాంటి వెల్డరుకు గిరాకీ, సోలార్ పార్కు కట్టేటప్పుడు ఎందరు కావాలి, కట్టినాక ఎందరు చాలు — ఈ సంగతులు ఐ.టి.ఐ.లో ట్రేడు ఎంచుకునే పిల్లవాడికి ముందే తెలియాలి. మనవాడు ట్రేడు ఎట్లా ఎంచుకుంటున్నాడు? పక్కింటి అబ్బాయి ఏది తీసుకుంటే అది, లేదా మార్కులకు ఏది దొరికితే అది.

దారి చెప్పేవాడు లేనిచోట ఏజెంటు వస్తాడు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాలనుంచి కువైట్ పోయినవారి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఐ.టి.ఐ. పాసైన కుర్రవాడు అక్కడ ఇంటి డ్రైవరుగానో, వంటవాడుగానో పనిచేయడం మామూలైపోయింది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో జొరబడినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో తీసుకువచ్చినారు. అప్పుడు కట్టుబట్టలతో దిగినవారిలో మన సీమ వాళ్లూ ఉన్నారు. ఏ పనికైనా గౌరవం ఉన్నది, వంట పని తక్కువదని నేను అనను. కాని రెండేళ్లు మోటారు వైరింగు నేర్చినవాడికి ఆ వైరింగు పనికే తగిన వీసా, తగిన జీతం అడగవచ్చునని చెప్పేవాడు ఒకడుంటే ఎంత తేడా!

నేను చేసిన తప్పు

1996 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. అది మన ఆంధ్రప్రదేశ్ కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ కేసు. ఎక్స్ఛేంజి పంపిన పేర్లనే తీసుకుంటే మిగిలిన అర్హులకు అన్యాయం జరుగుతుందనీ, కాబట్టి ఎక్స్ఛేంజిని అడగడంతోపాటు పత్రికల్లో కూడా ప్రకటించి, వచ్చినవారందరినీ పరిశీలించాలనీ కోర్టు చెప్పింది. న్యాయమైన తీర్పే. కాని దాని అర్థం ఏమిటి? కార్డు సీనియారిటీని నమ్ముకొని కూర్చునే కాలం ముగిసింది, పత్రిక చూసి దరఖాస్తు పెట్టేవాడి కాలం వచ్చింది.

ఈ తీర్పు వచ్చిన 13 ఏళ్ల తర్వాత, 2009లో, నా శిష్యుడొకడు ఒక ఉత్తరం పట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. ఎలక్ట్రీషియన్ ట్రేడు పాసైనాడు. వేరే జిల్లాలోని ఒక కర్మాగారంనుంచి అప్రెంటిస్‌గా చేరమని పిలుపు. "స్టైపెండు రూము బాడుగకూ, తిండికీ చాలదంట సార్. మా ఇంట్లోనుంచి పంపే స్థోమత లేదు. ఏం చేయమంటారు?" అని అడిగినాడు. నేను ఉత్తరం చదివినాను. "ఒక ఏడాది ఊరికే పనిచేయించుకొని పంపిస్తారు. అంతదూరం ఎందుకు? కార్డు చేయించుకొని ఉండు, ఇక్కడే ఏదో ఒకటి వస్తుంది" అని చెప్పినాను.

నాకు 1996 తీర్పు తెలియదు. అప్రెంటిస్ సర్టిఫికెట్టు విలువ తెలియదు. మా అబ్బా కార్డు కథ మాత్రం తెలుసు, అయినా అదే సలహా ఇచ్చినాను. ఉపాధ్యాయుణ్ణి గదా, తెలియదని చెప్పడానికి నామోషీ అయింది.

వాడు పోలేదు. వాడితోపాటు పిలుపు వచ్చిన ఇంకొక కుర్రవాడు పోయినాడు. అప్పు చేసి మూడు నెలలు గడిపినాడు, ఏడాది పూర్తిచేసినాడు, ఆ సర్టిఫికెట్టుతో తర్వాత మరొకచోట పర్మనెంటు అయినాడు. నా శిష్యుడు రెండేళ్లు ఎదురుచూసి, అప్పుచేసి కువైట్ పోయి ఎనిమిదేళ్లు కారు తోలినాడు. తిరిగివచ్చినాక ఒకసారి బజారులో కనిపించినాడు. నేనే ఆ మాట ఎత్తినాను. వాడు నవ్వి, "మీరు నా మంచికే చెప్పినారు గదా సార్" అన్నాడు. నిష్ఠూరమాడి ఉంటే ఇంత బాధపడేవాణ్ణి కాదు.

నాలాంటి ఉపాధ్యాయులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. మాకు పిల్లల మీద ప్రేమ లేక కాదు, మాకు తెలియదు, తెలుసుకునే ఏర్పాటు లేదు.

భాష అడ్డు

ఉర్దూ మీడియం పిల్లలకు ఇంకొక అడ్డు ఉన్నది. బడిలో మేము "ఖుతర్" అని చెప్పింది ఐ.టి.ఐ.లో "డయామీటర్" అవుతుంది, పక్కన కూర్చున్న తెలుగు మీడియం పిల్లవాడికి అది "వ్యాసం". మేము "కసాఫత్" అన్నది "డెన్సిటీ" లేదా "సాంద్రత". పిల్లవాడికి విషయం తెలుసు, మాట తెలియదు. మాట తెలియనందువల్ల విషయమే తెలియనివాడిలాగా వెనక బెంచీలో కూర్చుంటాడు.

ఉర్దూలో సాంకేతిక విద్య చెప్పలేమనడం పొరపాటు. 1918లో హైదరాబాదులో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే పెద్ద చదువులు చెప్పింది. దానికి ముందు 1917లోనే అనువాద సంస్థను నెలకొల్పి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించుకున్నది. మన కాలంలో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998లో ఏర్పడి, 2018లో మన కడపలో ఉర్దూ మాధ్యమ పాలిటెక్నిక్‌ను తెరిచింది. ఇది మనకు గర్వకారణం. కాని అక్కడ చదివిన పిల్లవాడికి ఉద్యోగమిచ్చే యజమాని ప్రశ్నలడిగేది ఇంగ్లీషులోనో తెలుగులోనో. కనుక చదువు ఉర్దూలో ఉన్నా, ఉద్యోగం వేటకు మూడు భాషల మాటలూ పిల్లవాడి నోట్లో ఉండాలి. ఆ సాధన చేయించేవారు కావాలి.

కొత్త ఏర్పాట్లు, పాత లోటు

2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. ముస్లింలలో జీతం ఉద్యోగాలకంటే సొంత పనులమీద బ్రతికేవారి పాలు ఎక్కువని అది చూపించింది. 2007లో రాష్ట్రంలో 4 శాతం రిజర్వేషను చట్టం వచ్చినాక సీటు దొరకడం కొంత సులువైంది. 2015 జులై 20న కేంద్రం నేషనల్ కెరీర్ సర్వీసు అనే పోర్టల్ ప్రారంభించింది. 2016లో అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం వచ్చింది. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. ఐ.టి.ఐ. వారికి నెలకు కనీసం 7000 రూపాయలు, డిప్లొమా వారికి 8000 రూపాయలు స్టైపెండుగా ఆనాడు నిర్ణయించినారు. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రత కోడ్‌లో 1959 చట్టాన్ని కలిపివేసి, ఎక్స్ఛేంజి అన్న మాట స్థానంలో కెరీర్ సెంటర్ అన్న మాట పెట్టినారు.

పేర్లు మంచివే. కాని పోర్టల్‌లో పేరు నమోదు చేసేటప్పుడు ఏ గడిలో ఏమి రాయాలో తెలియక, నెట్ సెంటరువాడికి డబ్బులిచ్చి, వాడు రాసింది ఏమిటో చూడకుండా ఇంటికి వచ్చే పిల్లలు ఎందరో. ఫోను నంబరు మారిపోతుంది, పిలుపు పాత నంబరుకు పోతుంది. మా అబ్బాకు ఉత్తరం ఆలస్యంగా వచ్చినట్టే ఇదీ.

బొంబాయిలో ఒక పంచాయతీ

ఇది ప్రభుత్వం పని, మనకేమిటి అనేవారికి రెండు ఉదాహరణలు చెబుతాను. ప్రపంచంలో ఈ వృత్తి మార్గదర్శనానికి ఆద్యుడుగా చెప్పుకునే ఫ్రాంక్ పార్సన్స్ 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక కచేరీ పెట్టినాడు. అది ప్రభుత్వ కచేరీ కాదు. పేద కార్మికుల కోసం, వలస వచ్చినవారి కోసం నడిచే ఒక సేవాసంస్థలో భాగం. నిన్ను నీవు తెలుసుకో, పనుల సంగతి తెలుసుకో, రెండింటినీ పోల్చి చూసుకో — ఇంతే ఆయన పద్ధతి.

రెండవది మన దేశానిదే. 1947లో బొంబాయి పార్సీ పంచాయతీ తన పిల్లల కోసం వృత్తి మార్గదర్శన కేంద్రాన్ని నెలకొల్పింది. పార్సీలు సంఖ్యలో మనకంటే ఎంతో తక్కువ. వాళ్లు ప్రభుత్వంకోసం ఎదురుచూడలేదు. ఆ 1947లోనే మన కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి కృషివల్ల ఉస్మానియా కాలేజీ వెలిసింది. అంటే పూనుకొని చేసే శక్తి మనవాళ్లలోనూ ఉండినది. ఆయన కాలేజీ కట్టి చూపించినారు. కాలేజీ గేటు అవతల ఏమన్నది ఆ తర్వాతి తరాల పని, అంటే మన పని.

మనం చేయగలిగినది

పెద్ద పెద్ద మాటలు వద్దు. మన సంఘం చేయగలిగిన చిన్న పనులు కొన్ని సూచిస్తున్నాను.

1. ఒక రిజిస్టరు. ప్రతి ఏటా మన పిల్లల్లో ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ పాసైనవారి పేరు, ట్రేడు, ఫోను నంబరు రాసిపెట్టాలి. ఆరు నెలలకు, ఏడాదికి, మూడేళ్లకు వాళ్లు ఏం చేస్తున్నారో అడిగి మళ్లీ రాయాలి. ఏ ట్రేడు అన్నం పెడుతున్నదో, ఏది పెట్టడం లేదో పదేళ్లలో ఆ పుస్తకమే చెబుతుంది.

2. ఒక తేదీల పట్టిక. ఆర్టీసీ డిపోల అప్రెంటిస్ దరఖాస్తులు, రైల్వే, విద్యుత్తు సంస్థలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఎప్పుడు పిలుస్తాయో చూసి, ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి, మసీదు నోటీసు బోర్డుమీద, బడి గోడమీద, ఐ.టి.ఐ. గేటు దగ్గర అతికించాలి.

3. మొదటి మూడు నెలల నిధి. అప్రెంటిస్‌గా వేరే ఊరు పోయే పిల్లవాడికి రూము అడ్వాన్సు, మెస్సు డబ్బు తిరిగి ఇచ్చే షరతుమీద అప్పుగా ఇవ్వాలి. 2009లో ఇలాంటి నిధి ఉండి ఉంటే నా శిష్యుడి కథ వేరుగా ఉండేది.

4. మూడు భాషల మాటల పుస్తకం. ట్రేడు పదాలు 500 ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషులలో పక్కపక్కన. ఇది మా ఉపాధ్యాయులం చేయగలం.

5. గల్ఫు పోయేవారికి సలహా. 1983 ఎమిగ్రేషను చట్టం ప్రకారం ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు, ఒప్పందం కాగితంలోని పని పేరు, జీతం చదివి చెప్పే ఒక మనిషి ఉండాలి.

6. ఆడపిల్లలను మరవరాదు. వాళ్లకు కుట్టుమిషను ఒక్కటే దారి కాదు. డ్రాఫ్ట్స్‌మన్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటరు ట్రేడుల్లో వాళ్లు చేరుతున్నారు. కాని చదువు అయినాక దారి అడిగేందుకు బయటికి పోలేనివాళ్లు వాళ్లే. వాళ్లకోసం ఒక మహిళా ఉపాధ్యాయురాలు కావాలి.

వీటన్నిటికీ ఒక గది, ఒక బల్ల, ఒక బీరువా చాలు. కూర్చునే మనిషి ముఖ్యం. ఆదివారాలు పొద్దున పదినుంచి ఒంటిగంట దాకా నేను కూర్చుంటాను. నాకు తెలియనిది తెలియదని చెబుతాను, తెలుసుకొని వచ్చే ఆదివారం చెబుతాను. ఈ రెండవ మాట నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మా అబ్బా కార్డు ఇప్పటికీ ఆ రేకుపెట్టెలోనే ఉన్నది. సంఘం వారు గది ఇస్తే దానిని తెచ్చి ఆ బీరువాలో, రిజిస్టరు పక్కన పెడతాను. కార్డు చేయించుకొని ఇంటికి పోయి కూర్చోబోయే పిల్లవాడికి చూపించడానికి పనికి వస్తుంది.